మెదడులో ఆడ, మగ తేడాలు ఎక్కడ, ఎలా మొదలవుతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీకు ఐదేళ్ల కవలలు, ఒక బాబు, ఒక పాప. ఒకే ఇంట్లో ఒకేలా పెంచుతున్నా ఆటలు వేరు, అలకలు వేరు. ‘గర్భంలో టెస్టోస్టెరాన్ తగిలితే మగ మెదడు, తగలకపోతే ఆడ మెదడు’ అని ఎక్కడో చదివారు. అది నిజమేనా, బాబు పక్కనే తొమ్మిది నెలలు పెరిగినందుకు పాప మెదడు మీద ఏమైనా ప్రభావం పడి ఉంటుందా అని మీ టెన్షన్.

నేను చాలా ఏళ్లు ఎలుక పిల్లల మెదళ్లను పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను. మీరు చదివిన వాక్యంలో సగం నిజం ఉంది. మనం మగ హార్మోన్ అని పిలిచే టెస్టోస్టెరాన్‌కి పెద్ద పాత్ర ఉన్న మాట వాస్తవం. కానీ మెదడును మొత్తంగా ఆడదిగానో మగదిగానో పోతపోసే అచ్చులు రెండు ఉన్నాయనుకోవడం తప్పు. మెదడులో ఒక్కో చోట ఒక్కో పద్ధతిలో, ఒక్కో సమయంలో తేడా పుడుతుంది. ఒకచోట జరిగిందే పక్కన కూడా జరగాలని లేదు. ఇది ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పిండానికి మొదటి ఆరు వారాల దాకా లోపలి బీజగ్రంథులు ఎటువైపైనా వెళ్లగల స్థితిలో ఉంటాయి. వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పని మొదలుపెడితే అవి వృషణాలుగా మారతాయి. ఈ జన్యువును 1990లో గుర్తించారు. మరుసటి ఏడాదే దాన్ని రెండు ఎక్స్ క్రోమోజోములున్న చిట్టెలుక పిండంలో చేర్చి చూస్తే అది మగదిగా పెరిగింది. మనుషుల్లో 8వ వారం ప్రాంతంలో వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేయడం మొదలుపెడతాయి. కొన్ని వారాల పాటు అది హెచ్చుగా ఉండి, తర్వాత తగ్గుతుంది. పుట్టిన తర్వాత మొదటి నెలల్లో మగ శిశువుల్లో మళ్లీ ఒకసారి పెరుగుతుంది. ఇక మూడోసారి యుక్తవయసులోనే.

ఈ హార్మోన్ శరీరాన్ని మారుస్తుందని ముందే తెలుసు. మెదడును కూడా మారుస్తుందని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1936లో కారల్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఆడ ఎలుకలకు వృషణాలు అతికించాడు. అవి పెద్దయ్యాక వాటికి అండం విడుదలయ్యే చక్రం రాలేదు. పుట్టగానే వృషణాలు తీసేసిన మగ ఎలుకలకు తర్వాత అండాశయం అతికిస్తే, ఆ అండాశయం మాత్రం మామూలుగా పనిచేసింది. తేడా మెదడు అడుగున ఉండి హార్మోన్లు వదిలే పిట్యూటరీ గ్రంథిలో పుట్టిందని ఆయన అనుకున్నాడు. 1952లో జెఫ్రీ హ్యారిస్, డోరా జాకబ్‌సన్ మగ ఎలుకల పిట్యూటరీని తీసి, పిట్యూటరీ తొలగించిన ఆడ ఎలుకల మెదడు కింద అమర్చారు. మగ గ్రంథే అయినా ఆడ ఎలుకలో చక్రాన్ని నడిపించింది. అంటే ఆడ, మగ తేడా ఆ గ్రంథిలో లేదు. దాన్ని పైనుంచి నడిపిస్తున్న హైపోథాలమస్ అనే మెదడు భాగంలో ఉంది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంత శుభ్రమైన ప్రయోగాలు తక్కువ.

తర్వాత 1959లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ అనే నలుగురు గర్భంతో ఉన్న గినీ పిగ్‌లకు టెస్టోస్టెరాన్ ఇచ్చారు. వాటికి పుట్టిన ఆడ పిల్లలు పెద్దయ్యాక, ఆడ హార్మోన్లు ఇచ్చినా ఆడ గినీ పిగ్‌లా స్పందించడం బాగా తగ్గింది. టెస్టోస్టెరాన్ ఇస్తే మామూలు ఆడవాటి కన్నా ఎక్కువగా మగవాటిలా ప్రవర్తించాయి. అదే హార్మోన్ పెద్దయ్యాక మాత్రమే తగిలితే ఆ శాశ్వత మార్పు రాలేదు. దీన్నుంచే ఈ రంగానికి మూల సూత్రం వచ్చింది: పిండ దశలో హార్మోన్ నాడీ వలయాలను కడుతుంది, పెద్దయ్యాక అదే హార్మోన్ ఆ కట్టిన వలయాలను పనిలోకి దింపుతుంది. కట్టే పనికి గడువు ఉంటుంది. ఎలుకల్లో ఆ గడువు పుట్టుకకు కొద్ది రోజుల ముందు తెరుచుకుని, పుట్టిన పది రోజుల లోపే మూసుకుంటుంది. గినీ పిగ్‌లలో పుట్టకముందే ముగిసిపోతుంది, ఎందుకంటే అవి బాగా ఎదిగిన మెదడుతో పుడతాయి.

ఇప్పుడు చాలామంది వినగానే నమ్మని విషయం. ఎలుకల మెదడును మగదిగా మలిచే పనిలో ఎక్కువ భాగం చేసేది టెస్టోస్టెరాన్ నేరుగా కాదు. మెదడు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రాడయాల్‌గా, అంటే మనం ఆడ హార్మోన్ అని పిలిచేదానిగా మారుస్తుంది. మెదడు కణజాలం ఈ పని చేయగలదని 1970ల మొదట్లో ఫ్రెడరిక్ నాఫ్టొలిన్ బృందం చూపించింది. మగ ఎలుక పిల్ల మెదడులో పనిచేసేది ‘ఆడ హార్మోనే’. మరి తల్లి రక్తంలో ఈస్ట్రోజెన్ (ఈస్ట్రాడయాల్ ఈ కుటుంబంలోదే) నిండుగా ఉంటుంది కదా, ఆడ పిల్లల మెదళ్లు ఎందుకు మారిపోవు? ఎలుక పిండం రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఈస్ట్రోజెన్‌ను పట్టుకుని మెదడులోకి పోనివ్వదు. టెస్టోస్టెరాన్‌ను పట్టుకోదు కాబట్టి మగ పిల్లల్లో అది లోపలికి వెళ్లి, లోపలే రూపం మార్చుకుంటుంది. 2006లో యూలీ బాకర్ బృందం ఈ ప్రోటీన్ లేని ఆడ చిట్టెలుకలను పరీక్షించినప్పుడు వాటి ప్రవర్తన మగవాటి తీరుకు మారినట్టు తేలింది. మనుషుల సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

హార్మోన్ మెదడులోకి వెళ్లాక చేసే పనే అసలు విషయం. 1978లో రోజర్ గోర్‌స్కీ ప్రయోగశాలలో ఎలుక హైపోథాలమస్ ముందు భాగంలో ఒక చిన్న కణాల గుంపు కనిపించింది. మగ ఎలుకల్లో అది ఆడవాటి కన్నా ఎన్నో రెట్లు పెద్దది. రంగు వేసిన పొరను కిటికీ వెలుతురులో పట్టుకుంటే మామూలు కంటికే తేడా తెలుస్తుంది. మొదటిసారి ఆ చుక్కను చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకు పెద్దదైంది? మగవాటిలో కొత్త కణాలు ఎక్కువ పుట్టినందుకు కాదు. పుట్టినవి చనిపోకుండా నిలబడినందుకు. ఎదిగే మెదడులో అవసరానికి మించి న్యూరాన్లు, అంటే నాడీ కణాలు పుట్టి, చాలా భాగం వాటంతట అవే చనిపోతాయి. ఈ గుంపులో ఈస్ట్రాడయాల్ ఆ చావును ఆపుతుంది.

కానీ అక్కడికి అతి దగ్గరలోనే ఇంకో గుంపు ఉంది. అండం విడుదలకు సంకేతం పంపే వలయం అందులో ఉంటుంది. అక్కడ అదే ఈస్ట్రాడయాల్ కణాలను చంపుతుంది. అందుకే ఆ గుంపు ఆడ ఎలుకల్లో పెద్దది. ఒకే హార్మోన్, ఒకే వారం, వెంట్రుకవాసి దూరంలో ఉన్న రెండు చోట్ల రెండు పూర్తిగా వ్యతిరేకమైన ఫలితాలు. కణాల చావుకు అవసరమైన బ్యాక్స్ అనే జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో ఈ రెండో గుంపులో ఆడ, మగ లెక్క సమానమైపోయిందని 2004లో నాన్సీ ఫోర్జర్ బృందం చూపించింది. ‘మగ మెదడు’ అనే ఒక్క మాటలో వీటన్నిటినీ కుదించడం నాకు మింగుడుపడకపోవడానికి కారణం ఇదే.

మూడో పద్ధతి వెన్నుపాములో కనిపిస్తుంది. పురుషాంగం అడుగున ఉండే కండరాలను నడిపించే మోటార్ న్యూరాన్లు మగ ఎలుకల్లో దాదాపు 200 ఉంటాయి, ఆడవాటిలో అందులో మూడో వంతు. 1980లో మార్క్ బ్రీడ్‌లవ్, ఆర్థర్ ఆర్నాల్డ్ దీన్ని వివరించారు. ఇక్కడ ఈస్ట్రాడయాల్ కాదు, టెస్టోస్టెరాన్ వంటి ఆండ్రోజెన్లే పనిచేస్తాయి. అవి కూడా ముఖ్యంగా న్యూరాన్ మీద కాదు, కండరం మీద. హార్మోన్ కండరాన్ని బతికిస్తుంది, బతికిన కండరం తనతో కలిసిన న్యూరాన్‌ను బతికిస్తుంది. అంటే మెదడు, వెన్నుపాముల్లో కనిపించే తేడా అక్కడే పుట్టి ఉండాలనే నియమం కూడా లేదు.

నాలుగోది కణాల సంఖ్యకు సంబంధించింది కాదు, కనెక్షన్లకు సంబంధించింది. మార్గరెట్ మెకార్తీ మేరీల్యాండ్‌లో చేసిన పని ఇది. హైపోథాలమస్ ముందు భాగంలో ఈస్ట్రాడయాల్ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పెంచుతుంది. జ్వరం, నొప్పి, వాపు వచ్చినప్పుడు శరీరంలో తయారయ్యేది ఇదే. దానివల్ల న్యూరాన్ కొమ్మల మీద ఉండే చిన్న చిన్న ముళ్లు, అంటే సంకేతాలు అందుకునే చోట్లు, మగ పిల్లల్లో రెట్టింపుకు పైగా అవుతాయి. ఈ పనిలో మైక్రోగ్లియా కణాలు కూడా ఉన్నాయి. మెదడుకు కాపలా కాసే రోగనిరోధక కణాలివి. వీటిని అణచే మందు ఇస్తే మార్పు ఆగిపోయింది. అప్పుడే పుట్టిన ఆడ ఎలుక పిల్లకు ఒక్క ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే చాలు, పెద్దయ్యాక మగ ఎలుకలా ప్రవర్తించింది. ఇది ఎలుకల్లో, పెద్ద మోతాదులతో చేసిన ప్రయోగం. గర్భిణులు వేసుకునే మందుల గురించి దీన్నుంచి సొంతంగా ఏ నిర్ణయానికీ రావద్దు, ఆ విషయం డాక్టర్‌తోనే మాట్లాడాలి.

మీ పిల్లల ఆటల గురించి అడిగారు కాబట్టి ఇదొకటి. మగ ఎలుక పిల్లలు ఆడవాటి కన్నా ఎక్కువగా కుస్తీ పడతాయి. 2019లో మెకార్తీ బృందమే దీని వెనకున్న సంగతిని వెలికితీసింది. మెదడులో ఎమిగ్డాలా అనే భాగంలో మగ పిల్లల్లో మైక్రోగ్లియా అప్పుడే పుట్టిన, ఆరోగ్యంగానే ఉన్న కణాలను ఎక్కువగా మింగేస్తాయి. అవి బతికి ఉంటే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలయ్యేవి. మింగడాన్ని ఆపితే మగ పిల్లల కుస్తీ తగ్గింది. ఇక్కడ మగ తీరు ఏదో అదనంగా చేరడం వల్ల రాలేదు, కొన్ని కణాలు తగ్గడం వల్ల వచ్చింది.

‘హార్మోన్ తగలకపోతే ఆడ మెదడు’ అనే రెండో సగానికి వస్తాను. ఆడతనం అంటే ఏమీ జరగకపోవడం అన్నట్టు పాఠాల్లో చెప్పేవాళ్లు, నేనూ ఒకప్పుడు అలాగే చెప్పాను. అది సరికాదు. 2015లో మెకార్తీ ప్రయోగశాల నుంచే వచ్చిన పరిశోధనలో ఆడ ఎలుక పిల్లల హైపోథాలమస్ ముందు భాగంలో డీఎన్‌ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు ఎక్కువగా ఉన్నాయని, మగ తీరుకు సంబంధించిన జన్యువులను అవి నొక్కిపట్టి ఉంచుతాయని తేలింది. ఆ గుర్తులు వేసే ఎంజైమ్‌ను ఆపితే, గడువు దాటిపోయాక కూడా ఆడ ఎలుక మెదడులోని ఆ భాగం మగ తీరుకు మారింది. ఆడ మెదడు తన తీరును నిలబెట్టుకోవడానికి నిరంతరం పనిచేస్తోందన్నమాట. అండాశయం కూడా అంతే. దాన్ని నిర్మించడానికి ప్రత్యేకమైన జన్యువులు పూనుకుని పనిచేయాలి.

అంతా హార్మోన్లేనా అంటే, అదీ కాదు. జీబ్రా ఫించ్ అనే పిట్టల్లో మగది మాత్రమే పాడుతుంది. 2003లో ఆర్నాల్డ్ బృందం ఒక అరుదైన పిట్ట గురించి రాసింది. దాని కుడి సగం మగది, ఎడమ సగం ఆడది, ఈకలతో సహా. రెండు సగాలకూ అందేది ఒకే రక్తం, ఒకే హార్మోన్లు. అయినా పాటను నడిపే మెదడు భాగం కుడివైపు ఎక్కువ మగ తీరులో ఉంది. ఆ కణాల్లోని క్రోమోజోములే ఆ తేడా తెచ్చాయి. అలాగని హార్మోన్ల పని లేదనీ కాదు. ఎడమవైపు కూడా మామూలు ఆడ పిట్ట కన్నా మగ తీరుకు దగ్గరగానే ఉంది. చిట్టెలుకల్లో ఎస్‌ఆర్‌వైని వై క్రోమోజోమ్ నుంచి తీసి వేరే క్రోమోజోమ్ మీద పెట్టి, వృషణాలున్న ఎక్స్‌ఎక్స్ ఎలుకలను, అండాశయాలున్న ఎక్స్‌వై ఎలుకలను తయారుచేసి ఈ రెండు ప్రభావాలను విడదీస్తున్నారు. మనుషుల్లో కూడా ఆడవారి రెండు ఎక్స్‌లలో ఒకటి అణిగి ఉంటుంది గానీ పూర్తిగా కాదు. దాని మీది జన్యువుల్లో సుమారు 15 శాతం ఆ అణచివేతకు లొంగవు.

ఇక మనుషులు. మన మీద ఇలాంటి ప్రయోగాలు చేయలేం, చేయకూడదు. ప్రకృతిలో సహజంగా వచ్చిన పరిస్థితుల నుంచే నేర్చుకోవాలి. కొందరికి ఎక్స్‌వై క్రోమోజోములు, వృషణాలు, టెస్టోస్టెరాన్ అన్నీ ఉంటాయి గానీ ఆండ్రోజెన్‌ను అందుకునే రిసెప్టర్ అసలు పనిచేయదు. వారి శరీరం ఈస్ట్రోజెన్‌ను మామూలుగానే అందుకుంటుంది. ఎలుకల సూత్రమే మనకూ వర్తిస్తే వారి మెదడు మగ తీరుకు మారాలి. కానీ వారిలో దాదాపు అందరూ అమ్మాయిలుగా పెరుగుతారు, తమను అలాగే భావించుకుంటారు. అరోమటేజ్ లేకుండా పుట్టిన కొద్దిమంది మగవారు మగవారిగానే పెరిగారు. అందువల్ల మనుషుల్లో ఆ పని ఎక్కువగా ఆండ్రోజెన్ నేరుగా చేస్తుందని అనుకుంటున్నాం. మన ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఈస్ట్రోజెన్‌ను ఎలుకల్లోలా గట్టిగా పట్టుకోదు కూడా.

మీకు నేరుగా పనికొచ్చేది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు సంబంధించిన ఒక జన్యు సమస్య. సుమారు 15,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. ఇందులో ఆడ పిండానికి గర్భంలోనే ఆండ్రోజెన్ ఎక్కువగా తగులుతుంది. ఈ పాపలు సగటున బొమ్మ కార్లు, దూకుడు ఆటల వైపు మిగతా అమ్మాయిల కన్నా ఎక్కువ మొగ్గుతారని కేంబ్రిడ్జ్‌లో మెలిస్సా హైన్స్ తదితరులు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో కనిపించింది. అదే సమయంలో వారిలో అత్యధికులు తాము అమ్మాయిలమనే భావిస్తారు. ఒక విషయంలో హార్మోన్ ముద్ర కనిపించి, మరో విషయంలో కనిపించలేదు. మెదడు ఒక్క మీటతో మొత్తంగా అటో ఇటో పోదనడానికి మనుషుల్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎంఆర్‌ఐ స్కాన్ల విషయంలో జాగ్రత్తగా ఉండండి. మగవారి మెదడు సగటున 10 శాతం దాకా పెద్దది, నిజమే. కానీ అది తెలివికి కొలత కాదు. ఆ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక మిగిలే తేడాలు చాలావరకు చిన్నవి. 1982లో 14 మెదళ్లు మాత్రమే చూసి, రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కెలోసమ్ వెనక భాగం ఆడవారిలో పెద్దదని ఒక పత్రం వచ్చింది. దాని మీద ఎన్ని కథలు అల్లారో చెప్పలేను. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ వాదన నిలబడలేదు. 2015లో డాఫ్నా జోయెల్ బృందం 1,400కు పైగా మెదళ్ల స్కాన్లను పరిశీలించింది. అన్ని భాగాలూ మగ తీరులోనే, లేదా అన్నీ ఆడ తీరులోనే ఉన్న మెదళ్లు చాలా అరుదు. ఎక్కువమందిలో రెండూ కలగలిసి ఉన్నాయి. భాగాలన్నిటినీ కలిపి కంప్యూటర్‌కిస్తే ఆ మెదడు ఎవరిదో బాగానే ఊహించగలదని కొందరు దీనికి జవాబు రాశారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ముఖం చూసి ఆడో మగో చెప్పగలిగినంత మాత్రాన ముక్కు, చెవులు, నుదురు ఒక్కొక్కటీ రెండు రకాలుగానే ఉంటాయని కాదు కదా.

మరి పెంపకం? అది హార్మోన్ పక్కన వేరే గట్టున నిలబడి ఉండే విషయం కాదు. తల్లి ఎలుక మగ పిల్లలను, ముఖ్యంగా వాటి వెనక భాగాన్ని, ఆడ పిల్లల కన్నా ఎక్కువగా నాకుతుంది. వాటి మూత్రం వాసన అందుకు కారణం. సీలియా మూర్ తల్లికి వాసన తెలియకుండా చేసి చూసింది. తక్కువగా నాకించుకున్న మగ పిల్లల్లో, పైన చెప్పిన వెన్నుపాము న్యూరాన్లు తగ్గాయి. హార్మోన్ వాసనను మార్చింది, వాసన తల్లిని మార్చింది, తల్లి స్పర్శ నాడీ వ్యవస్థను మార్చింది. ఇందులో పుట్టుక ఎంత, పెంపకం ఎంత అని గీత గీయమంటే నేను గీయలేను. ఎలుకలోనే ఇలా ఉంటే, పుట్టిన రోజు నుంచీ పేరు పెట్టి పిలుస్తూ, మాటలు చెబుతూ, ఆటవస్తువులు చేతికిస్తూ పెంచే మనిషి బిడ్డలో ఆ అల్లిక ఇంకెంత చిక్కగా ఉంటుందో ఊహించండి.

చివరగా కవలల సంగతి. ఈ భయానికి పాత మూలం ఉంది. ఆవుకు కోడెదూడ, పెయ్యదూడ కవలలుగా పడితే ఆ పెయ్య చాలాసార్లు గొడ్డుదవుతుంది. రెండు మాయల రక్తనాళాలు కలిసిపోయి మగదూడ హార్మోన్లు పెయ్యకు చేరడం వల్ల ఇలా జరుగుతుందని 1916లో ఫ్రాంక్ లిల్లీ వివరించాడు. చిట్టెలుకల్లో రెండు మగ పిండాల మధ్య పెరిగిన ఆడ పిల్ల కొంచెం దూకుడుగా ఉంటుందని 1980లో ఫ్రెడరిక్ వామ్ సాల్, ఫ్రాంక్లిన్ బ్రాన్సన్ చూపించారు. అయితే మనిషి గర్భం అలా ఉండదు. బాబు, పాప కవలలైతే అవి రెండు వేర్వేరు అండాల నుంచి వచ్చినవి. ఎవరి మాయ వారిది. రెండూ ఒకదానికొకటి ఆనుకున్నా రక్తం కలవడం బహు అరుదు. పైగా మనిషి మాయలో అరోమటేజ్ పుష్కలంగా ఉంటుంది, దారిలో దొరికిన టెస్టోస్టెరాన్‌ను అది ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. ఇలాంటి కవల అమ్మాయిల ఆటలను, ప్రవర్తనను మిగతా అమ్మాయిలతో పోల్చిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. తేడా చూపించిన చోట కూడా అది చిన్నది. అన్నయ్యో తమ్ముడో ఉన్న అమ్మాయి కార్లతో ఎక్కువ ఆడవచ్చు, ఎందుకంటే ఇంట్లో కార్లు ఉంటాయి. దీన్ని గర్భంలోని ప్రభావం నుంచి విడదీయడం చాలా కష్టం. మీ పాప బాబుతో కలిసి కుస్తీ పడుతుంటే పట్టనివ్వండి, బాబు పాప బొమ్మకు జడ వేస్తుంటే వేయనివ్వండి. అందులో డాక్టర్‌కు చూపించాల్సింది ఏమీ లేదు.